వరి మాగాణిలో పరుగెత్తే బాతు

దక్షిణ అమెరికా తీరాలలోని స్టీమర్ బాతులలో నాలుగు జాతులున్నాయి. వాటిలో మూడు ఎగరలేవు. రెక్కలను తెడ్లవలె ఆడిస్తూ నీటిపై దూసుకుపోతాయి. వ్యవసాయ విద్యార్థికి ఇంతకంటె దగ్గరి చుట్టం ఇండియన్ రన్నర్. ఇది వేరే జాతి కాదు, మల్లార్డ్ అనే అడవి బాతు నుండి వచ్చిన పెంపుడు రకం. పేరులో ఇండియా ఉన్నను దీని పుట్టిల్లు ఇండోనేషియా దీవులు. నిలువైన దేహం, సన్నని పొడవు మెడ గల ఈ బాతు ఊగుతూ నడవదు, పరుగెడుతుంది. దీని సంకరంతో ఇంగ్లండులో రూపొందిన ఖాకీ క్యాంప్‌బెల్ ఏడాదికి దాదాపు 300 గుడ్లు పెట్టగలదు. అయితే ఈ రెండూ పొదగడానికి అంతగా ఇష్టపడవు. అందువలన గుడ్లను నాటుకోడి కింద గాని, ఇంక్యుబేటరులో గాని 28 రోజులు ఉంచవలసి ఉంటుంది.

రామాపురం పరిసరాలలో కోత అయిన మాగాణిలో కనిపించే మందలలో నాటు, సంకర బాతులే ఎక్కువ. నడవడి మాత్రం అదే. ఒకటి మళ్ళితే మంద అంతా మళ్ళుతుంది. కాపరికి పొడవాటి కర్ర ఒక్కటి చాలు. బాతులు గుడ్లను చాలావరకు ఉదయం 9 గంటల లోపే పెడతాయి. తొందరపడి వదిలితే ఆ గుడ్లు కాలువ పాలే. రాలిన ధాన్యం, పురుగులతో పాటు నత్తలను కూడా తింటాయి. పశువులకు కార్జపు జలగ వ్యాధి నత్తల ద్వారానే సోకుతుందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

చిక్కు వేరే చోట ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మినుము చల్లుతారు. రాలిన గింజ ఉన్న చోటనే మినుము మొలక కూడా ఉంటుంది. మందను అడ్డగించే రైతుది తప్పని నేను అనలేను. దున్నకుండా మొక్కజొన్న వేసే పొలాలలోనూ ఇదే పరిస్థితి. కాపరికి చివరకు మిగిలేది మురుగు కాలువ, ఆలస్యంగా కోసి బీడుగా వదిలిన పొలం.

జపానులో తకావో ఫురునో ప్రచారం చేసిన పద్ధతిలో నాటిన ఒకటి రెండు వారాలకు బాతు పిల్లలను వరిలో వదిలి, వెన్ను రాగానే తీసివేస్తారు. మన వెద వరిలో తొలి దశలో నీరు నిలువ ఉండదు కనుక దానిని ఉన్నదున్నట్లు దించుకోలేము. నాటిన మళ్ళలో చిన్న ఎత్తున పరీక్షించవచ్చును.

అంతవరకు విస్తరణ శాస్త్రవేత్త చేయగలిగినది ఒకటుంది. రెండవ పంట వేయని పొలాలను ఊరివారీగా గుర్తించి, అక్కడ చివరగా చల్లిన మందు ఏదో, ఏ తేదీన చల్లారో వ్రాసి మంద దిగక ముందే కాపరి చేతికి ఇవ్వవలెను.