పాటతో ఆట కట్టిన హనుమంతు

మన నాగల్‌గిద్ద దిక్కు బాగోతం ఆడితే తెల్లారేదాకా కూర్చుంటాం గదా! అట్లాంటి ఆటలనే సుద్దాల హనుమంతు పోరాటానికి వాడారు.

ఆయనది నేత కుటుంబం. పాట, హరికథ అంటే ప్రాణం. హైదరాబాదులో చిన్న కొలువు ఉండె. దాన్ని వదిలి ఆంధ్ర మహాసభలో చేరారు.

అది నిజాం కాలం. ఆడవాళ్లు, మగవాళ్లు దొర గడీలో కూలి లేకుండా వెట్టి చేసేవారు. చదువు వచ్చినవాళ్లు తక్కువ. కాగితం పంచితే ఎవరు చదవాలి? అందుకే జనం ఎరిగిన గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం పట్టుకున్నారు. బాణీ పాతదే. మాట కొత్తది. దేవుడి కథ ఉన్నచోట వెట్టి బతుకు వచ్చింది. 'వీర తెలంగాణ' యక్షగానం అట్లా రాసిందే.

పసులు కాసే జీతగాడైన పిల్లవాడి మీద ఆయన కట్టిన పాట 1979లో తీసిన 'మా భూమి' సినిమాలో ఉంది. వింటే ఏ తల్లికైనా కడుపు తరుక్కుపోతుంది. హనుమంతు 1982లో చనిపోయారు. కొడుకు అశోక్ తేజ కూడా పాటలు రాస్తారు.