పైలటు సంచిలో ఊపిరి యంత్రం



గురక పెట్టి నిద్రపోతున్నాడంటే మనిషి హాయిగా ఉన్నాడని మన ఇళ్లలో ఒక నమ్మకం. తెలుగులో గురక, ఇక్కడి కన్నడంలో గొరకె, హోసూరు దాటి తమిళంలోకి వెళితే కురట్టై. పేరు మారినా చప్పుడు ఒకటే. దాన్ని నవ్వులాటగా తీసుకునే అలవాటూ ఒకటే. అయితే ఆ గురక మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోవడం, పది పదిహేను సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాత నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారిగా గాలి పీల్చుకోవడం మీ ఇంట్లో ఎప్పుడైనా విన్నారా? విని ఉంటే అది నవ్వవలసిన విషయం కాదు. దాన్ని వైద్యులు స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలి, శ్వాసమార్గం మూసుకుపోతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని అరక్షణం లేపుతుంది. గొంతు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర, మళ్లీ మూత. తెల్లవారి లేచాక ఆ మనిషికి ఇదేదీ గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నా ఒళ్లు బరువుగానే ఉంటుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. మూడేళ్లుగా నేనూ రాత్రిపూట ముక్కుకు గొట్టం తగిలించుకుని పడుకునేవాణ్ణే. అందుకే కాబోలు, నా దగ్గర పదో తరగతి చదివి ఇప్పుడు విమానాలు నడుపుతున్న ఒక కుర్రవాడు పోయిన ఉగాదికి కోలారు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి, చాలాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి అసలు విషయంలోకి వచ్చాడు. "సార్, నిద్ర పరీక్ష చేయించుకున్నాను. గంటకు 34 సార్లు ఊపిరి ఆగుతోందట" అన్నాడు. గంటకు 5 లోపు ఉంటే ఫరవాలేదు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అని లెక్క. "ఏడాదిగా నాకే అనుమానంగా ఉంది సార్. చెబితే లైసెన్సు పోతుందేమోనని ఊరుకున్నాను" అన్నాడు.

ఆ భయం ఒక్క మా వాడిది కాదు. దాని వెల ఎంతో చెప్పడానికి ఒక సంఘటన చెబుతాను. 2008 ఫిబ్రవరి 13న అమెరికాలోని హవాయి దీవుల్లో, హొనొలూలు నుండి హీలో వెళ్తున్న ఒక చిన్న జెట్ విమానం దిగవలసిన ఊరు దాటి సముద్రం మీదికి వెళ్లిపోయింది. లోపల 40 మంది ప్రయాణికులు. కింద నుండి ఎంత పిలిచినా 18 నిమిషాలపాటు జవాబు లేదు. పట్టపగలు, ఇద్దరు పైలట్లూ నిద్రపోయారు! హీలో దాటి సుమారు 26 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 48 కిలోమీటర్లు వెళ్లాక మెలకువ వచ్చి వెనక్కి తిప్పుకుని దించారు. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత పరీక్షిస్తే కెప్టెనుకు తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉన్నట్టు తేలింది. అప్పటిదాకా ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. తెల్లవారుజామున మొదలయ్యే డ్యూటీలతో పాటు ఈ జబ్బును కూడా అక్కడి దర్యాప్తు సంస్థ కారణాల్లో చేర్చింది.

మన కర్ణాటకలోనే 2010 మే 22న మంగళూరులో 158 మంది ప్రాణాలు తీసిన ప్రమాదం మీకు గుర్తుండే ఉంటుంది. దుబాయి నుండి వచ్చిన ఆ విమానం కాక్‌పిట్ రికార్డరులో కెప్టెన్ చాలాసేపు గురక పెట్టి నిద్రపోయిన చప్పుడు ఉంది. లేచాక వదలని నిద్రమత్తు గురించి దర్యాప్తు నివేదిక ప్రస్తావించింది. అది స్లీప్ ఆప్నియా అని మనం తేల్చి చెప్పకూడదు. పైలటు నిద్ర అతని సొంత విషయం మాత్రమే కాదని చెప్పడానికే ఆ మాట ఎత్తాను.

ఇంతకీ ఈ జబ్బు ఉంటే విమానం నడపడం మానేయవలసిందేనా? కాదు. చికిత్స తీసుకుంటూ, తీసుకుంటున్నట్టు రుజువు చూపిస్తే మళ్లీ కాక్‌పిట్‌లో కూర్చోవచ్చు. ఆ చికిత్సే సీపాప్ యంత్రం. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే వైద్యుడు దుమ్ము పీల్చే వాక్యూమ్ క్లీనరు మోటారును తిరగేసి, అది గాలి ఊదేటట్టు చేసి, ఆ గాలిని రోగి ముక్కులోకి పంపించాడు. మరుసటి ఏడు లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఇప్పటికీ సూత్రం అదే. ముక్కు ద్వారా మెత్తని ఒత్తిడితో గాలి వెళ్తూ ఉంటే గొంతు మూసుకుపోదు. ఒత్తిడిని సెంటీమీటర్ల నీటితో కొలుస్తారు. పది సెంటీమీటర్ల లోతు నీళ్లు అడుగున ఎంత నొక్కుతాయో అంత అన్నమాట. సాధారణంగా ఈ యంత్రాలు 4 నుండి 20 దాకా ఇస్తాయి.

ఇక మా వాడి ప్రశ్నకు వద్దాం. "ఇంట్లో పెద్ద యంత్రం ఉంది. నెలలో సగం రోజులు నేను హోటళ్లలోనే. చిన్నది కొనాలి. ఏది తేలికో చెప్పండి సార్." ప్రశ్నలోనే పొరపాటుంది అన్నాను. తేలిక అన్నది మూడో నాలుగో విషయం. మొదటిది లెక్క. నువ్వు ఎన్నాళ్లు వాడావో, ఎన్ని గంటలు వాడావో ఆ యంత్రం రాసిపెట్టుకోవాలి. ఆ రాత బయటికి తీసి డాక్టరుకు ఇవ్వగలగాలి.

ఎందుకంటారా? అమెరికా విమానయాన సంస్థ తమ పైలట్లకు పెట్టిన కొలత చూడండి. నిద్రపోయిన వేళల్లో కనీసం 75 శాతం వేళల్లో యంత్రం పెట్టుకుని ఉండాలి. సగటున ఒక్కో నిద్రకు కనీసం 6 గంటలు వాడాలి. ఇప్పుడు లెక్క వేయండి. నెలలో 14 రాత్రులు హోటళ్లలో, 16 రాత్రులు ఇంట్లో. ఇంటి యంత్రం ఒక్కదాని లెక్క ఇస్తే 30కి 16, అంటే 53 శాతం. పైలటు ఒక్క రాత్రి కూడా మానకపోయినా కాగితం మీద తప్పిపోయాడు! కాబట్టి రెండు యంత్రాల నివేదికలూ పక్కపక్కన పెట్టి ఇవ్వాలి. మన దేశంలో పైలట్ల వైద్య ధ్రువపత్రం డి.జి.సి.ఏ. చేతిలో ఉంటుంది. పరీక్షించే వైద్యుణ్ణి ఏ రూపంలో నివేదిక కావాలో యంత్రం కొనక ముందే అడగమన్నాను, కొన్న తర్వాత కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. దుకాణాలవాళ్లు కూడా దీన్ని చెప్పరు. కొన్ని యంత్రాలకు రోజు అంటే అర్ధరాత్రి నుండి అర్ధరాత్రికి కాదు, మధ్యాహ్నం పన్నెండు నుండి మరునాటి మధ్యాహ్నం పన్నెండుకు. మామూలు మనిషి రాత్రి పడుకుంటాడు కాబట్టి అతని నిద్ర ఒకే రోజులో పడుతుంది. రాత్రంతా విమానం నడిపి ఉదయం 9కి పడుకుని సాయంత్రం 4కి లేచే పైలటు సంగతి? అతని ఏడు గంటల నిద్ర మూడు, నాలుగు గంటల కింద రెండు రోజులకు పంచుకుపోతుంది. చూసేవారికి రెండు రోజులూ సరిగా వాడనట్టు కనిపిస్తుంది. అందుకని డ్యూటీ పట్టిక కూడా ఆ నివేదికతో జతచేయడం మంచిది. దేశం మారినప్పుడల్లా యంత్రంలో గడియారం మార్చకపోవడం మరీ మంచిది.

రెండోది మాస్కు. ఇంట్లో అలవాటైన మాస్కు చిన్న యంత్రానికి అతుకుతుందా లేదా చూసుకోవాలి. ఉదాహరణకు 2017లో వచ్చిన ఎయిర్‌మినీ అనే యంత్రం బరువు 300 గ్రాములే, అరచేతిలో ఇమిడిపోతుంది. కాని ఆ కంపెనీవారు చెప్పిన కొన్ని మాస్కులే దానికి పనికివస్తాయి. కొత్త ఊళ్లో, కొత్త పరుపు మీద, కొత్త మాస్కు పెట్టుకుని నిద్రపట్టించుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాలుగు రాత్రులు ప్రయత్నించి అయిదో రాత్రి మూలన పడేస్తాం. అందుకని ముందు ఒక పదిహేను రోజులు చిన్న యంత్రాన్ని ఇంట్లోనే వాడి చూడాలి. ఒత్తిడి కూడా పెద్ద యంత్రంలో డాక్టరు పెట్టించినదే ఇందులోనూ పెట్టించాలి. మనంతట మనం తిప్పకూడదు.

మూడోది నీళ్లు. పెద్ద యంత్రంలో గాలికి తడి ఇవ్వడానికి చిన్న నీటి తొట్టె ఉంటుంది. అందులో పోయవలసింది డిస్టిల్డ్ వాటర్. ఇక్కడ నా నిర్వాకం ఒకటి చెప్పాలి. ఒకసారి బస్సులో తిరుపతి వెళ్తూ తొట్టెలో నీళ్లు పారబోయకుండానే యంత్రాన్ని సంచిలో పెట్టాను. ముళబాగిలు దాటకముందే సంచి తడిసింది. పలమనేరు దగ్గర తీసి చూస్తే నీళ్లు మోటారులోకి పోయాయి. మరమ్మతుకు పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రాత్రులూ మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చిన్న యంత్రాల్లో కొన్నింటికి నీళ్ల అవసరమే ఉండదు. మనం వదిలే ఊపిరిలోని తడినే పట్టి ఉంచి తిరిగి ఇచ్చే చిన్న బిళ్ల ఒకటి గొట్టంలో పెడతారు. దాన్ని సుమారు నెలకోసారి మార్చాలి. నీళ్ల తొట్టె ఇచ్చే తడితో అది సమానం కాకపోవచ్చు. విమానం గాలి, ఏసీ గది గాలి రెండూ పొడివే కాబట్టి గొంతు ఆరిపోయేవారు ఈ విషయం తేలిగ్గా తీసుకోకూడదు.

చప్పుడు సంగతీ ఉంది. చిన్న ఫ్యాను వేగంగా తిరగాలి కాబట్టి చిన్న యంత్రాలు కాస్త ఎక్కువే మోగుతాయి. ఒంటరిగా హోటల్ గదిలో పడుకునేవాడికి అది పెద్ద చిక్కు కాదు.

కరెంటు గురించి చాలామంది అనవసరంగా కంగారుపడతారు. ఈ యంత్రాల అడాప్టర్లు సాధారణంగా 100 నుండి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి. జపాన్ 100 వోల్టులైనా మన 230 వోల్టులైనా ఒకటే, ప్లగ్గు ఆకారం మార్చుకుంటే చాలు. బ్యాటరీ దగ్గర మాత్రం లెక్క కావాలి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 24 వోల్టులు, 4 ఆంపియర్-అవర్లు అయితే 96. విమానంలో 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీకి అనుమతి అక్కరలేదు. 100 నుండి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. విడి బ్యాటరీ చేతిసంచిలోనే ఉండాలి, సరుకుల అరలో వేయకూడదు. దూరప్రయాణపు విమానాల్లో సిబ్బంది పడుకునే అర ఒకటి ఉంటుంది. అక్కడ వాడాలంటే యంత్రం మీద ఆర్.టి.సి.ఎ. డి.ఓ.-160 ప్రమాణానికి సరిపోయినట్టు ఉందేమో చూసి, తన సంస్థను అడగాలి. ఆ అరలో తీసే రెండు మూడు గంటల కునుకు కూడా నిద్రే మరి.

యంత్రం ఏదైనా సరుకుల అరలో వేయవద్దు. సామాను ఒక ఊరికి, మనిషి ఒక ఊరికి చేరడం విమానం నడిపేవారికి కొత్త కాదు కదా.

పోతే, చవకగా వస్తుందని వాడిన యంత్రం కొనేవారికి ఒక మాట. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన యంత్రాలు అనేకం వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన నురుగు ముక్క పొడిపొడిగా రాలి, పీల్చే గాలిలో కలిసే ప్రమాదం ఉందని తేలింది. ప్రయాణాల కోసం చేసిన డ్రీమ్‌స్టేషన్ గో కూడా అందులో ఉంది. ఎవరి దగ్గరైనా పాతది కొనేముందు వరుస సంఖ్య చూసి, ఆ జాబితాలో ఉందేమో కనుక్కోండి.

మా వాడు విషయం తన సంస్థకు చెప్పాడు. చెప్పిన రోజు నుండి కొన్ని నెలలు విమానం ఎక్కలేదు. ఇంట్లో కూర్చున్న ఆ నెలల్లో ఫోను చేసినప్పుడల్లా గొంతు నీరసంగానే ఉండేది. రెండు యంత్రాల నివేదికలూ, డ్యూటీ పట్టికా ఒకే దస్త్రంలో పెట్టి పరీక్షకు వెళ్లాడు. మళ్లీ డ్యూటీ ఇచ్చారు, ఏటా నివేదిక చూపించాలన్న షరతు మీద. కిందటి వారం ఏదో విదేశీ హోటల్ నుండి ఫోను చేశాడు. "మీరు పెట్టమన్న పొడుగు వైరు పనికొచ్చింది సార్. ఇక్కడ ప్లగ్గు మంచానికి ఆ చివర గోడకు ఉంది" అన్నాడు. ఎనిమిది అడుగుల ఎక్స్‌టెన్షన్ తీగ. చెప్పడం మరిచాను, మీరూ సంచిలో అదొకటి పెట్టుకోండి.