తోమకండి... ముందు రాసుకోండి! పాత మడత చాకులకూ ఒక చిట్టా కావాలి

(మా గ్రామీణ విలేఖరి)

కోకాపేట: 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో హెచ్.ఎం.డి.ఏ. జరిపిన వేలంలో ఎకరం భూమి 100 కోట్ల 75 లక్షల రూపాయల దాకా పలికింది. దేశమంతా ఆ వార్త చెప్పుకుంది. అంత ధర పలికిన ఊళ్లో కూడా పాత సామాను మాత్రం ఇప్పటికీ కిలోల లెక్కనే పోతోంది. పాత ఇల్లు దించి కొత్తది కట్టుకునేటప్పుడు అటక మీది సందూకు కిందికి దిగుతుంది. అందులోని ఇత్తడి ఒక కుప్ప, ఇనుము ఒక కుప్ప అవుతాయి. తుప్పు పట్టిన మడత చాకు ఇనుము కుప్పలో పడుతుంది.

ఆ చాకు తాతగారు కలం చెక్కుకున్నది కావచ్చు, పటేలు గారి దస్తర్ ఖానాలో వాడినది కావచ్చు. గోల్కొండ, సికింద్రాబాదు పటాలాలలో పనిచేసి వచ్చిన వారెవరో తెచ్చుకున్నదీ కావచ్చు. దాని బ్లేడు మీద మసక మసకగా ఏవో అక్షరాలు, ఒక కిరీటమో నక్షత్రమో కనిపిస్తాయి. ఇంట్లో వాళ్లు చేసే మొదటి పని ఉప్పు కాగితం తెచ్చి దాన్ని తళతళలాడేలా తోమడం. తుప్పుతో పాటు అక్షరాలూ పోతాయి. పాత చాకులు సేకరించే వారికి కావలసింది ఆ అక్షరాలే. అవి పోయాక మిగిలేది కూరగాయలు తరుక్కునే ఇనుప ముక్క.

తేజాబు రాత అంటే...

చాకు మీద రాత మూడు రకాలుగా ఉంటుంది. మొదటిది అచ్చు. కొలిమిలో ఎర్రగా కాలిన ఉక్కు మీద ఉలి లాంటి అచ్చు పెట్టి సుత్తితో కొట్టినది. ఇది లోతుగా ఉంటుంది, సాధారణంగా బ్లేడు మొదట్లో, మర దగ్గర కనిపిస్తుంది. రెండవది చెక్కుడు. కంసాలి ఉలితో గీసినట్లు గీత అంచులు పదునుగా, మెరుస్తూ ఉంటాయి. మూడవది తేజాబు రాత. మన చర్చ దీని గురించే.

బ్లేడు మీద మైనమో తారు లాంటి పూతో పూస్తారు. పూత మీద కావలసిన బొమ్మ, అక్షరాలు గీస్తారు. గీసినచోట ఉక్కు బయటపడుతుంది. అక్కడ తేజాబు పోస్తే అది కొద్దిగా తింటుంది. తర్వాత పూత తుడిచేస్తే రాత మిగులుతుంది. వేల సంఖ్యలో చాకులు చేసే కార్ఖానాలలో ఒక్కొక్కటి చేత్తో గీయలేరు గనుక, పలుచని కాగితం మీద సిరాతో అచ్చు వేసి, దాన్ని బ్లేడుకు అంటించి ఇదే పని చేశారు. చేత్తో గీసినా, కాగితంతో దించినా ఆ రాత లోతు వెంట్రుక మందం కూడా ఉండదు. గోరు పెట్టి గీరితే తగిలీ తగలనట్లు ఉంటుంది. ఉప్పు కాగితానికి, సాన రాయికి అది నిలవదు.

అందుకే వందేళ్లనాటి చాకుల్లో అచ్చు మిగిలినవి చాలా కనిపిస్తాయి గాని, తేజాబు రాత చెక్కుచెదరకుండా మిగిలినవి అరుదు. నాలుగు సార్లు సాన పట్టిన చాకు కంటే, ఎవరూ వాడక పెట్టెలో పడి ఉన్న చాకుకు విలువ ఎక్కువ కావడానికి కారణం ఇదే.

ఏ కాలం నాటిదో తెలిసేదెలా?

నిజాం కాలంలో మన ప్రాంతానికి వచ్చిన విదేశీ చాకుల్లో పేరున్నవి ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణానివి. జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ గుర్తు ఒక నక్షత్రం, పక్కన ఒక శిలువ. ఈ గుర్తు 1682లో అక్కడి కత్తుల పనివారి సంఘం ఇచ్చినది. జార్జి వోస్టెన్‌హోమ్ కంపెనీ గుర్తు ‘ఐ ఎక్స్ఎల్’. జర్మనీలోని సోలింగెన్ పట్టణం చాకులకు ఆ ఊరి పేరే గుర్తు. అక్కడి బోకర్ కంపెనీ చాకు మీద చెట్టు బొమ్మ ఉంటుంది.

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగిన వారెవరైనా కొన్ని ఆనవాళ్లతో కాలాన్ని అంచనా వేయవచ్చు.

కిరీటం పక్కన ‘వి ఆర్’ ఉంటే అది విక్టోరియా రాణి గుర్తు. ఆమె పాలన 1837 నుంచి 1901 వరకు. ‘ఇ ఆర్’ ఉంటే ఆమె తర్వాత వచ్చిన ఎడ్వర్డు రాజుది కావచ్చు, ఆయన పాలన 1901 నుంచి 1910 వరకు. ‘జి ఆర్’ అంటే జార్జి రాజు. అయితే జార్జి పేరుతో రాజులు పలువురున్నారు గనుక తొందరపడి తేల్చకూడదు.

‘ఇంగ్లండ్’, ‘జర్మనీ’ అని దేశం పేరు ఉంటే సాధారణంగా అది 1891 తర్వాతిది. విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో సుంకాల చట్టం చేసింది. అప్పటి నుంచి ఆ అలవాటు వ్యాపించింది.

‘స్టెయిన్‌లెస్’ అని ఉంటే అది 1913 కంటే పాతది కాజాలదు. తుప్పు పట్టని ఉక్కును షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేసింది ఆ ఏడాదే. ముత్తాత కాలం నాటిదని, 1857 నాటిదని ఎవరైనా చెప్పి, దాని మీద ఈ మాట కనిపిస్తే ఆ కథ నిలవదు.

బాణపు మొన లాంటి గుర్తు ఉంటే అది బ్రిటిషు ప్రభుత్వ సొత్తుకు వేసే ముద్ర. సైన్యంలో ఇచ్చిన చాకుల మీద ఇది ఉంటుంది. ఇది తేజాబు రాత కాదు, అచ్చు.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన చాకుల్లో ‘కేస్’ కంపెనీవి ఉండవచ్చు. 1970లో ఈ కంపెనీ తన పేరు కింద పది చుక్కలు వేసి, ఆపైన ఏడాదికొక చుక్క తగ్గిస్తూ వచ్చింది. ఆ చుక్కలు లెక్కపెడితే ఏడు చుక్కల చాకు 1973 నాటిదని తేలుతుంది. ఉత్సవాలకు, వార్షికోత్సవాలకు తేజాబు రాతతో ప్రత్యేకంగా చేసిన చాకులు కూడా ఈ కంపెనీ తెచ్చింది.

నకిలీలతో జాగ్రత్త

పేరున్న సరుకుకు నకలు అప్పుడూ ఉంది. రాడ్జర్స్ పేరులో ఇంగ్లీషు ‘డి’ అక్షరం ఉండాలి. అది లేకుండా రాసి ఉంటే అది వేరే వారి సరుకు. ఈ కాలంలో లేజరు యంత్రంతో రాసే పని సులువైంది. లేజరు రాత అంతటా ఒకే బూడిద రంగులో, ఒకే మందంలో ఉంటుంది. పాత తేజాబు రాత అలా ఉండదు. చెయ్యి ఎక్కువగా తగిలినచోట అరిగి, మర దగ్గర నిలిచి ఉంటుంది. బ్లేడంతా తుప్పు తిని గుంటలు పడి, రాత మాత్రం కొత్తగా ఉంటే అనుమానించాలి. బ్లేడు ఒక కంపెనీది, పిడి మరొక కంపెనీది కలిపి చీల బిగించినవీ ఉంటాయి. చీల తల కొత్తగా మెరుస్తుంటే ఆ సంగతి తెలిసిపోతుంది.

కోనసముద్రం చెప్పే పాఠం

తేజాబు పెడితే బయటపడేది అక్షరాలే కాదు. కొన్ని రకాల ఉక్కు మీద తేజాబు పెడితే నీటి అలల వంటి చారలు వాటంతటవే కనిపిస్తాయి. అటువంటి ఉక్కుకు మన తెలంగాణ పుట్టిల్లు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కాచి తీసిన ఉక్కు కోసం ఇరాన్ దేశం ఇస్ఫహాను నుంచి వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయ్సీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ ఊరి కొలిముల గురించి రాసినది 1832లో అచ్చయింది. అంతకు ముందే, 1795లో, లండనులో పియర్సన్ అనే శాస్త్రవేత్త ఈ రకం ఉక్కుపై చేసిన పరీక్షలను ‘వూట్జ్’ పేరుతో ప్రకటించాడు. మన ‘ఉక్కు’ అనే మాటే వాళ్ల నోట వూట్జ్ అయిందని పండితులు చెబుతారు. తర్వాత మైఖేల్ ఫారడే అంతటి వాడు కూడా ఈ ఉక్కు గుట్టు విప్పాలని ప్రయోగాలు చేశాడు.

ఇంత పేరు పొందినా, ప్రపంచం ఆ కత్తులను ‘డమాస్కస్’ కత్తులు అంటుంది. కోనసముద్రం కత్తులని అనదు. మూస కాచిన కమ్మరి పేరు ఏ కత్తి మీదా లేదు. కొన్నవారు, అమ్మినవారు తమ పేరు పెట్టుకున్నారు. రాసుకోని వస్తువు ఎవరు రాసుకుంటే వారిదవుతుంది. చివరకు ఈ కాలంలో పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి, చిట్టెం కుప్పలు, మూసల పెంకులు చూసి ఊరూరా జాబితా రాయవలసి వచ్చింది.

అలల చారల చాకు ఎవరైనా చూపితే ఒక చిన్న పరీక్ష ఉంది. చారలు బ్లేడు పక్కల మీదే కాక వీపు మీద కూడా సాగాలి. పక్కల మీద మాత్రమే ఉండి వీపు నున్నగా ఉంటే, అది మామూలు ఉక్కు మీద తేజాబుతో వేసిన బొమ్మ.

చిట్టా ఎలా రాయాలి?

హైదరాబాదులో మూసీ ఒడ్డున సాలార్ జంగ్ మ్యూజియం ఉంది. 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పటి భవనానికి మారింది. అక్కడ నూర్జహాన్‌దిగా చెప్పే చిన్న పండ్ల కత్తి ఒకటుంది. పెద్ద పెద్ద ఖడ్గాలు వదిలి జనం దాని ముందు నిలబడతారు. అది ఎవరిదో ఒక చీటీ చెబుతోంది గనుకనే ఆ నిలబడడం. చీటీ తీసేస్తే అది మామూలు పండ్ల కత్తి.

ఆ చీటీ పని ఇంట్లో కూడా చేసుకోవచ్చు. ఒక నోటు పుస్తకం, స్కేలు, భూతద్దం, సెల్‌ఫోను చాలు. ఒక్కో చాకుకు ఒక పేజీ కేటాయించి ఈ వివరాలు రాయాలి:

1. వరుస సంఖ్య.
2. మూసినప్పుడు, తెరిచినప్పుడు పొడవు. బ్లేడు పొడవు, వెడల్పు.
3. బ్లేడ్లు ఎన్ని? బిరడా తీసేది, డబ్బా కోసేది వంటివి ఉన్నాయా?
4. పిడి దేనితో చేసింది? కొమ్ము, ఎముక, కర్ర, ఇత్తడి.
5. మర దగ్గరి అచ్చులో ఉన్న అక్షరాలు, గుర్తులు ఉన్నవి ఉన్నట్లుగా. అర్థం కాకపోతే బొమ్మ గీయాలి.
6. బ్లేడు మీది తేజాబు రాత. చెరిగిన అక్షరం ఉన్నచోట చుక్క పెట్టాలి. ఊహించి పూరించకూడదు.
7. లోపాలు. మొన విరిగిందా, సాన పట్టారా, స్ప్రింగు బిగువు తగ్గిందా?
8. ఎవరి ద్వారా, ఎప్పుడు ఇంటికి వచ్చింది? ఈ మాట ఎవరు చెప్పారు?
9. ఫోటో తీసిన తేదీ.

ఉదాహరణకు ఇలా ఉండవచ్చు: ‘సంఖ్య 3. మూసినప్పుడు మూడున్నర అంగుళాలు. రెండు బ్లేడ్లు. కొమ్ము పిడి, ఒక పక్క పగులు. అచ్చు: నక్షత్రం, శిలువ. పెద్ద బ్లేడు మీద తేజాబు రాత, మొదటి మూడు అక్షరాలే కనిపిస్తున్నాయి. చిన్న బ్లేడు మొన విరిగింది. నాయనమ్మ చెప్పిన ప్రకారం తాత కొన్నది.’

వీటిలో ఎనిమిదవది అన్నిటికంటే ముఖ్యం. అచ్చును ఎవరైనా ఎప్పుడైనా చదువుకోవచ్చు. నాయనమ్మ మాట ఆమె ఉండగానే రాసుకోవాలి.

ఫోటో తీసేటప్పుడు చాకును తెల్ల కాగితం మీద పెట్టి పక్కన స్కేలు పెట్టాలి. వెలుతురు నెత్తి మీద నుంచి కాక పక్క నుంచి ఏటవాలుగా పడాలి. కంటికి కనిపించని గీత కూడా అప్పుడు తేలుతుంది. వరుస సంఖ్యను చాకు మీద గీకకూడదు. చిన్న అట్ట ముక్క మీద రాసి దారంతో కట్టాలి.

చింతపండు వద్దు

ఇత్తడి బిందె తోమినట్లు చాకును చింతపండుతో, నిమ్మచెక్కతో తోమకూడదు. పులుపు కూడా తేజాబుకు చిన్న తమ్ముడే. ఉన్న గీతను మరింత తినేస్తుంది. ఇటుక పొడి, ఉప్పు కాగితం, సాన రాయి కూడా పనికిరావు. మెత్తని పొడి గుడ్డతో తుడిచి, మరలో ఒక చుక్క కుట్టు మిషను నూనె వేస్తే చాలు. వంట నూనెలు రాస్తే కొన్నాళ్లకు జిగురు కడతాయి. దసరా ఆయుధ పూజలో పసుపు కుంకుమ పెట్టిన చాకును మర్నాడే తుడిచి ఆరబెట్టాలి. మరలో ఇరుక్కున్న తడి పసుపు తుప్పుకు మూలం.

చట్టం ఏమంటుంది?

ఇంటి పనికి, వ్యవసాయానికి కానివి, 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి. ఇటువంటిది ఉంటే పోలీసు స్టేషనులో అడిగి తెలుసుకోవడం మంచిది. చిన్న చాకు అయినా జాతరకో, బస్సు ప్రయాణానికో జేబులో వేసుకుని పోవడం చిక్కులు తెస్తుంది.

ఏనుగు దంతం పిడి ఉన్న చాకును అమ్మడం, కొనడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కొమ్ము పిడి విషయంలోనూ జాగ్రత్త అవసరం. షెఫీల్డు చాకుల కొమ్ము పిడులకు ఒకప్పుడు మన దేశపు కణుజు కొమ్ములే ఎక్కువగా ఓడలెక్కి వెళ్లాయి. ఇప్పుడు ఆ వ్యాపారం నిషిద్ధం. వందేళ్లు దాటిన కళాత్మక వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. అటువంటి వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడానికి వీలులేదు. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. పునాది తవ్వకంలో భూమిలో దొరికినవైతే రెవెన్యూ అధికారులకు తెలియజేయాలి.

అమ్మవద్దని ఎవరూ అనరు. ఎవరి అవసరం వారిది. అయితే గుంట భూమి అమ్మేముందు సర్వే నంబరు, హద్దులు, పహాణీ చూసుకోని రైతు ఈ ఊళ్లో లేడు. నాలుగు దిక్కులా ఎవరి భూమి ఉందో రాయించుకున్న తర్వాతే వేలిముద్ర వేస్తాడు. సందూకులోని చాకుకూ అటువంటి పహాణీ ఒక పేజీ ఉంటే, అది ఏ ఊరు దాటినా, ఎవరి చేతికి పోయినా, ఫలానా ఇంటిదన్న మాట వెంట పోతుంది. ఈసారి ఆయుధ పూజకు చాకు బయటకు తీసినప్పుడు బొట్టు పెట్టేముందు ఆ పేజీ రాయడం మంచిది. చదువుకునే పిల్లవాడికి అది ఒక పూట పని.