తాళము కౌలుదారుది, ఇల్లు కంపెనీది

2007వ సంవత్సరమున నెదర్లాండ్సు దేశములోని లేవార్డెన్ పట్టణములో 13 ఏండ్ల బాలుని నొకనిని ఇరువురు కుర్రవాండ్రు ఇంటికి తీసికొనిపోయి, కొట్టి, తన్ని, కత్తి చూపి బెదిరించిరి. వారు కోరినది చేతి గడియారము కాదు, సైకిలు కాదు. రూన్‌స్కేప్ అను కంప్యూటరు ఆటలో ఆ బాలుని ఖాతాయందున్న యొక తాయెత్తు, ఒక ముసుగు. ప్రాణభీతిచే బాలుడు లాగిన్ అయ్యెను. ఆ రెండు వస్తువులును వారి పాలయ్యెను.

విచారణలో ముద్దాయి పక్షమువారు చేసిన వాదము వినదగినది. తాయెత్తు లేదు, ముసుగు లేదు. ఉన్నవి యంత్రములోని అంకెలు మాత్రమే. లేని వస్తువును దొంగిలించుట యెట్లని వారడిగిరి. ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము 2012 జనవరి 31వ తేదీన ఈ వాదమును త్రోసిపుచ్చెను. బాలుడు కాలమును, శ్రమను వెచ్చించి వానిని సంపాదించెను; వానిపై అధికారము అతని కొక్కనికే యుండెను; ఆ యధికారమును బలాత్కారముగా లాగికొనిరి; కావున నిది దొంగతనమే యని తీర్మానించెను. విద్యుచ్ఛక్తిని సయితము దొంగిలింపవచ్చునని ఆ న్యాయస్థానమే 1921లో తీర్పు చెప్పియుండెను. చేతికి తగులని దెల్ల ఆస్తి కాదను మాట నాడే చెల్లకపోయినది.

సంపాదక పుటలో పిల్లల యాటల కింత చోటేల యని పెద్దలు కొందరు బొమలు ముడువవచ్చును. కాని నేడు ఆట యాడునది తండ్రి ఫోనుమీద. ఆటలోని నాణెములు కొనునది తండ్రి బ్యాంకు ఖాతానుండి. ఆ ఖాతాకు కాపున్న తాళమును, ఆటకు కాపున్న తాళమును ఒక్క జాతివే. ఆ తాళము చేయించు ఖర్చు ఎవరు భరింపవలయును, తాళము విరిగిననాడు నష్టమెవరిది యను ప్రశ్న పిల్లలది మాత్రమే కాదు.

ఈ తాళము ఆటలలోనికి వచ్చిన కథ అమెరికాలో మొదలైనది. కాలిఫోర్నియాలోని బ్లిజ్జర్డ్ కంపెనీవారు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను నాటను 2004 నవంబరులో విడుదల చేసిరి. లక్షలకొలది జనము నెలనెలా చందా చెల్లించి యాడిరి. ఆటలోని బంగారమునకు బయట నిజమైన డాలర్లు పలుకజొచ్చెను. ధర పలుకు చోటికి దొంగ రాకమానడు. మీటలు నొక్కుచుండగా చాటున వ్రాసికొను దొంగ ప్రోగ్రాములు, కంపెనీ పేరిట వచ్చు నకిలీ లేఖలు బయలుదేరెను. పాస్‌వర్డు తెలిసిన దొంగ లోన ప్రవేశించి, పాత్ర కట్టుకొన్న బట్టలతో సహా సర్వమును అమ్ముకొని పోవుచుండెను. అంతట 2008లో కంపెనీవారు అథెంటికేటర్ అను చిన్న పనిముట్టును ఆరేడు డాలర్ల వెలకు అమ్మజూపిరి. తాళపుచెవుల గుత్తికి తగిలించుకొనదగిన ప్లాస్టిక్ బిళ్ల. మీట నొక్కినచో కొన్ని యంకెలు కనబడును. పాస్‌వర్డుతోబాటు ఆ యంకెలను గూడ చెప్పినగాని తలుపు తెరువబడదు. మరుసటి యేట అదే పని చేయు సాధనమును సెల్‌ఫోనులలోనికి దింపిరి.

దీని కీలకము సులభమైనదే. మొదటి దినమున కంపెనీయు, మీ ఫోనును ఒక రహస్య సంఖ్యను పంచుకొనును. తరువాత నిరువురి యొద్దనున్న గడియారములే సాక్షులు. ప్రతి 30 సెకండ్లకును ఆ రహస్యమును, ఆ సమయమును కలిపి యిరుపక్షములవారును వేరువేరుగా ఒకే లెక్క వేయుదురు. వచ్చిన ఫలములో ఆరంకెలు తీసికొందురు. మీ యారును వారి యారును సరిపోయిన మీరే యని నమ్ముదురు. 2011లో ప్రకటింపబడిన ఈ పద్ధతినే నేడు లోకమంతయు వాడుచున్నది. ఆ యంకెలను మీ ఫోనే పుట్టించును గాని యెవరును పంపనక్కరలేదు. మనవారు బాగుగా నెరిగిన ఓ.టి.పి. సందేశ మట్టిది కాదు. అది టెలిఫోను కంపెనీ చేతులమీదుగా రావలయును. నడుమ నెవడైన మీ పేరిట మరియొక సిమ్ము సంపాదించెనా, సందేశము వాని యింటికి పోవును.

ఇంతటి తాళమునకును మారుచెవి పుట్టకపోలేదు. 2010లోనే దొంగలు త్రోవ కనిపెట్టిరి. ఆటగాని కంప్యూటరులో దాగిన ప్రోగ్రాము, అతడు కొట్టిన సరియైన యంకెలను దొంగకు చేరవేసి, కంపెనీకి తప్పుటంకెలను పంపెను. ఆటగాడు “తప్పు కొట్టితిని కాబోలు” నని మరల ప్రయత్నించులోపల దొంగ లోనికి పోయెను. 2012 ఆగస్టులో మరియొక విశేషము బయటపడినది. ఈ మారు దొంగలు దూరినది ఆటగాని యింటిలోనికి కాదు, బ్లిజ్జర్డ్ కంపెనీ సొంత గిడ్డంగిలోనికే. ఉత్తర అమెరికా ఆటగాండ్ర రహస్య ప్రశ్నల జవాబులును, ఫోను అథెంటికేటర్లకు సంబంధించిన కొంత సమాచారమును వారి కంటబడెను. ఇది మాత్రమే ఖాతాలలో ప్రవేశించుటకు చాలదని కంపెనీ చెప్పినది, నిజమే కావచ్చును. కాని జాగ్రత్త, జాగ్రత్త యని ఆటగానికి అన్నాళ్లు బోధించినవారి కొట్టునకే కన్నము పడినది.

అసలు పాఠము 2015లో వచ్చినది. వాషింగ్టన్ రాష్ట్రములోని వాల్వ్ కంపెనీవారి స్టీమ్ అంగడిలో నెలకు సుమారు 77,000 ఖాతాలు దొంగల పాలై కొల్లపోవుచున్నవని ఆ కంపెనీయే ఆ డిసెంబరులో ఒప్పుకొనెను. ఆటవస్తువులను ఒకరితో నొకరు మార్చుకొనుటకు వీలు కల్పించిన తరువాత ఈ బాధ యిరువది రెట్లు పెరిగినదనియు చెప్పెను. బాధితులు పామరులు మాత్రమే కారట. ఆటనే వృత్తిగా గలవారును, ఆరితేరిన వర్తకులును అందులో నుండిరి. పోయిన వస్తువునకు మారు ప్రతి చేసి యిచ్చినచో సంతలో వస్తువులు పెచ్చుపెరిగి అందరి సొత్తు విలువయు తగ్గునని కంపెనీవారు చెప్పిన కారణము అర్థశాస్త్రములో తప్పు కాదు. కాని వారు చేసిన యేర్పాటేమి? ఫోను అథెంటికేటర్ లేనివాడు వస్తువు మార్చుకొనదలచిన దాని నాపి యుంచుట. మొదట 3 దినములు; 2016 మార్చి నుండి 15 దినములు. పోయిన సొత్తును తిరిగి యిచ్చు నాచారమును మానుకొనిరి. అనగా స్మార్ట్‌ఫోను గలవానికి రాజమార్గము, లేనివానికి గుమ్మము నొద్ద పడిగాపులు.

తాళము వేసికొమ్మని పిల్లలను బుజ్జగించుటకు కంపెనీలు పడిన పాట్లు కొంత నవ్వు పుట్టించును. బ్లిజ్జర్డ్‌వారు అథెంటికేటర్ తగిలించుకొన్నవారికి ఆటలో రెండు తలల కుక్కపిల్ల నిచ్చిరి. ఫోర్ట్‌నైట్ ఆటవారు 2018లో ఒక నాట్య భంగిమ నిచ్చిరి. వేలకొలది హెచ్చరికలు చేయలేని పనిని కుక్కపిల్ల చేయుట వింత కాదు. మన యిండ్లలో చేదుమందు తేనెతో త్రాగించుట లేదా?

ఇక మా ఫిర్యాదు. ఈ ఖాతా యెవరిది? ఒడంబడికలను చదివినవారికి తెలియును: ఖాతాగాని, అందలి వస్తువులుగాని ఆటగాని ఆస్తి కావు; అవి కంపెనీవి; అతనికి వాడుకొను సెలవు మాత్రమే కలదు. కాలిఫోర్నియా శాసనసభవారు 2024లో చట్టము చేసి, ఇట్టి సరుకులకు “కొనుట” యను మాట వాడదలచినవారు అది అనుమతి మాత్రమే యని స్పష్టముగా చెప్పవలయునని విధించిన పిదప, స్టీమ్ అంగడియు ఆ సంగతి కొనువారి కంటబడునట్లు వ్రాసినది. మన గ్రామములలో కౌలు కాగితము లెరిగినవారికి ఇందలి విపరీతము వెంటనే బోధపడును. భూమి దొరది, శిస్తు కౌలుదారుది, పంట గట్లమీదినుండి దొంగలు పోవుచుండగా కావలివాని జీతమును కౌలుదారుదే, కావలివాడు నిద్రపోయిన నష్టమును కౌలుదారుదే. ఆస్తి మీదనిన కాపుదలయు మీది కావలయును. కాపుదల మాదనిన ఆస్తియు మాది కావలయును. రెండంచులను ఒక చేతనే పట్టుట న్యాయము కాదు.

చేయలేక కాదు, చేయక. 2025 జూలైలో వాల్వ్ కంపెనీయే కౌంటర్ స్ట్రయిక్ ఆటలో, చేతులు మారిన వస్తువులకు 7 దినముల గడువు పెట్టి, ఆ లోపల ఆటగాడు కోరినచో ఆ మార్పిడిని వెనుకకు త్రిప్పుకొను వీలు కల్పించినది. ఈ పని పది యేండ్ల క్రిందట చేసియున్న ఎందరి సొత్తు నిలిచి యుండెడిదో!

మన దేశములో పరిస్థితి కొంత భిన్నము. రిజర్వు బ్యాంకువారు 2009 ఆగస్టు 1వ తేదీ నుండి ఇంటర్నెట్టుమీది కార్డు చెల్లింపులకు రెండవ సాక్ష్యము తప్పనిసరి చేసిరి. ఆ యొక్క యాజ్ఞచే రెండు తాళముల యలవాటు మన యిండ్లలోనికి వచ్చినది. తాళమునకు వెల కట్టుటగాని, కుక్కపిల్లతో ఊరించుటగాని అవసరము కాలేదు. విధి బ్యాంకుపై మోపబడెను గనుక పని జరిగినది. ఆటల కంపెనీలపై నట్టి విధిని మోపినవారు లేరు. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైను ఆటల చట్టము డబ్బు పందెముల యాటలను నిషేధించుటకు పుట్టినది. పందెము లేని యాటలో ఖాతా పోగొట్టుకొన్న బాలుని గోడు దాని లక్ష్యము కాదు. ఐ.టి. చట్టములోని 66-సి విభాగము ఇతరుల పాస్‌వర్డును మోసముతో వాడినవానికి మూడేండ్ల వరకు ఖైదును, లక్ష రూపాయల వరకు జరిమానాను విధించుచున్నది. దొంగకు శిక్ష కలదు, మంచిదే. పోయిన కత్తియు కవచమును ఎవరి సొత్తో, తిరిగి యీయవలసినవా రెవరో ఆ విభాగము చెప్పదు. లేవార్డెన్ తీర్పువంటి తీర్పు మనకును కావలసియున్నది.

అందాక గృహస్థులు చేయదగినవి కొన్ని కలవు. ఆటలోని యూ.సీ. నాణెములు ఉచితముగా నిత్తుమని చెప్పి ఓ.టి.పి. అడుగువాడు ఎవడైనను దొంగయే. కంపెనీవారు మీ కోడును మిమ్ము నడుగరు. ఇంటిల్లిపాదికిని ఒకే ఫోను నంబరు తగిలించి, ఆ సిమ్మును మానివేయుట ప్రమాదము. మానివేసిన నంబరును 90 దినములైన పిదప టెలిఫోను కంపెనీలు మరియొకరికి ఇచ్చుట కలదు. ఆ క్రొత్తవానికి మీ పిల్లవాని ఖాతా తలుపు తట్టు సందేశములన్నియు పోవును. నంబరు మార్చుటకు ముందే ఖాతాలలో మార్చుకొనుడు. వీలైన చోట సందేశపు ఓ.టి.పి.కి బదులు అథెంటికేటరును, పాస్‌కీ యను క్రొత్త తాళ మున్న చోట దానిని ఎన్నుకొనుడు. పాస్‌కీ నకిలీ గుమ్మమునొద్ద పనిచేయదు గనుక 2010 నాటి మధ్యవర్తి మోసమువంటి వానిలో పెక్కింటికి తావుండదు. అథెంటికేటరు తగిలించిననాడు కొన్ని కంపెనీలు ఒక విడుదల కోడు నిచ్చును. ఫోను పోయినచో ఖాతాను విడిపించుకొనుటకు అదియే దస్తావేజు. స్టీమ్‌వారిచ్చు కోడు ‘ఆర్’ అను ఇంగ్లీషు అక్షరముతో మొదలగును. దానిని ఆ ఫోనులోనే ఫొటో తీసి దాచుట తాళపుచెవిని పెట్టెలోపల వేసి మూత వేయుటయే. కాగితముమీద వ్రాసి, పొలము పట్టాలుంచు పెట్టెలో నుంచుడు.