రాజ్యాంగం రాసి ఉంటే సరిపోతుందా? అలంపూర్ బేడీలు చెప్పే పాఠం

2025 జూన్‌లో జోగులాంబ గద్వాల జిల్లాకు చెందిన రైతులను పోలీసులు చేతులకు బేడీలు వేసి అలంపూర్ కోర్టుకు తీసుకొచ్చారు. రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ జరిగిన ఆందోళన కేసులో అరెస్టయిన వాళ్లు వీళ్లు. ఆ దృశ్యాలు బయటికి రాగానే విమర్శలు వెల్లువెత్తాయి. ఆ తర్వాత పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు.

బేడీల గురించి సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసింది. ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో 1980లోనే, మామూలుగా అందరికీ బేడీలు వేయడం అమానుషమని, రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. జైలు నుంచి కోర్టుకు తెచ్చేటప్పుడు మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా బేడీలు వేయొద్దని 1995లో మరింత స్పష్టం చేసింది. అంటే మాట రాసి ఉంది, తీర్పూ ఉంది. అయినా బేడీలు పడ్డాయి. మరి రాసిపెట్టిన రాజ్యాంగం ప్రభుత్వాన్ని నిజంగా ఆపగలదా?

కాగితం చేసే పని

కాగితం పోలీసు చేయి పట్టుకుని ఆపదు. కానీ ఆ చేయి తప్పు చేసిందని నిలదీయడానికి కొలబద్ద ఇస్తుంది. బేడీలు వేయకూడదనే నియమమే లేకపోతే ఎవరిని ఏ తప్పుకు సస్పెండ్ చేస్తారు? ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం చెల్లదని 13వ అధికరణం చెబుతుంది. 32 కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు వెళ్లే దారి ఉంది. అయితే ఆ తలుపు ఎవరో ఒకరు తట్టాలి. ఎవరూ తట్టకపోతే రాసింది రాసినట్టే ఉంటుంది, జరిగేది జరిగిపోతుంది.

గీత జరుగుతుంది కూడా

ఇంకో సంగతి. ప్రభుత్వం గీత దాటడమే కాదు, ఒక్కోసారి గీతనే జరుపుతుంది.

నాగర్‌కర్నూల్, వనపర్తి వాళ్లకు ఇది భూమి విషయంలో తెలుసు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అంచనా వేయాలి, పునరావాసం ఇవ్వాలి. 2015లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 123 తెచ్చి, భూమి యజమానులతో నేరుగా ఒప్పందం చేసుకుని కొనే పద్ధతి పెట్టింది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికీ దాని కిందే భూములు తీసుకున్నారు. భూమి లేని కూలీల సంగతేంటని కొందరు కోర్టుకెక్కారు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. అంతటితో ఆగకుండా కేంద్ర చట్టానికి రాష్ట్ర సవరణ చేసి, 2017లో రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది. ఇదీ రాజ్యాంగం చూపిన దారే. కానీ జీవోతో గుట్టుగా అయిపోయే పని అసెంబ్లీలో బిల్లు పెట్టి, అందరి ముందూ చేయాల్సి వచ్చింది.

బేడీల విషయమూ అంతే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్, హత్య, అత్యాచారం, ఉగ్రవాదం లాంటి కొన్ని నేరాల్లో బేడీలు వాడొచ్చని అంటోంది. ఆ జాబితాలో లేని కేసులో బేడీలు కనిపిస్తే అడగాల్సిందే.

కోర్టే వెనక్కి తగ్గితే?

అదీ జరిగింది. ఎమర్జెన్సీలో, 1976లో, అక్రమ నిర్బంధం మీద కూడా కోర్టుకు రాలేరని సుప్రీంకోర్టు నాలుగు-ఒకటి తేడాతో చెప్పింది. ఒక్క జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా మాత్రమే ఒప్పుకోలేదు. 1977లో జనం ఓటుతో ప్రభుత్వాన్ని మార్చారు. ఆ తర్వాత 44వ సవరణ వచ్చింది. ఇప్పుడు ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాల అమలును ఆపడానికి వీల్లేదు. కాగితం ఓడిపోయిన చోట జనం దాన్ని మళ్లీ గట్టిగా రాయించుకున్నారు.

మన ఇంట్లో తెలియాల్సినవి

మన వాళ్లలో చాలామంది పోలీస్ స్టేషన్ అనగానే ముందు తెలిసిన లీడర్‌కి ఫోన్ చేస్తారు. చేయండి, తప్పు లేదు. కానీ ఈ నాలుగూ గుర్తుంచుకోండి:

- అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. నచ్చిన వకీలును పెట్టుకునే హక్కు ఉంది. ఇది 22వ అధికరణం.
- ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి.
- అరెస్టు సంగతి ఇంట్లో వాళ్లకో, అరెస్టయిన మనిషి చెప్పిన వాళ్లకో తెలియజేయాలి.
- కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడు దెబ్బలు తగిలినా, బేడీలు వేసినా అక్కడే నోరు విప్పి చెప్పాలి. బయటికొచ్చాక ఇంట్లో చెప్పుకుంటే రికార్డుకెక్కదు. ఇన్సాఫ్ కావాలంటే ముందు మాట కాగితం మీదికి రావాలి. రాజ్యాంగం కూడా అలాగే పనిచేస్తుంది: అడిగేవాళ్లు ఉన్నంత మేరకే.