కుంగిన చావడిని నిలబెట్టుట

కృష్ణానదికి ఉత్తరమున నందిగామ, జగ్గయ్యపేట పట్టణముల చుట్టునున్న ప్రదేశము మెట్టసీమ. పూర్వము కృష్ణాజిల్లాలో ఉండిన ఈ ప్రాంతము 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో క్రొత్తగా ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. మునేరు ఈ సీమగుండ ప్రవహించి కృష్ణలో కలియును. ఇచ్చట ఎర్రనేలలును, నల్లరేగడి నేలలును కలవు. రేగడిలో ప్రత్తియు, మిరపయు విరివిగా పండును. అయితే పైరునకు మేలుచేయు ఆ రేగడియే కట్టడమునకు కీడు చేయును.

పాతకాలపు రైతుల లోగిళ్లలో ఇంటికి కొంత ఎడముగా ఒక చావడి ఉండెడిది. టేకు, నల్లమద్ది వంటి గట్టి కర్రలను స్తంభములుగా నాటి, వానిపై దూలములెత్తి, తాటివాసములు పరచి, పెంకులు కప్పెడివారు. అందులో ఎద్దులబండియు, నాగలి, గుంటక మున్నగు పనిముట్లును ఉండెడివి. ఎద్దులబండ్లు తగ్గిన పిమ్మట, మిగిలిన చావళ్లలో ట్రాక్టరో, మోటారుకారో చేరినది. కప్పు క్రింది వస్తువు మారినది గాని, కప్పును మోయు కర్రయు, కర్రను మోయు నేలయు మారలేదు.

ఇట్టి చావడి సామాన్యముగా ఒక్కనాటిలో కూలదు. ముందుగా కొన్ని గుర్తులు చూపును. ఒక మూల చూరు దిగును. తలుపు నేలకు రాచుకొనును. పెంకులు జారి సందులేర్పడును. అప్పుడు కొందరు ఒరిగిన స్తంభమునకు ఒక ఊతగుంజ పెట్టి ఊరకుందురు. అది జబ్బు పాదమునందుండగా భుజమునకు కట్టు కట్టినట్లుండును. అదే నేలపై నిలిచిన ఊతగుంజయు రాబోవు వానలకు కుంగిపోవును.

జబ్బునకు మూలమేమి? నల్లరేగడిలో మిక్కిలి సన్నని బంకమన్ను ఉండును. దానిలో మాంట్‌మొరిల్లొనైట్ అను ఖనిజము ముఖ్యమైనది. ఆ ఖనిజము పలుచని పొరలు పొరలుగా ఉండును. వాన కురిసినప్పుడు నీరు ఆ పొరల నడుమకు చొచ్చుటచే మన్ను ఉబ్బును. వేసవిలో నీరు ఆవిరికాగా మన్ను ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. ఏటేట నేల ఇట్లు లేచి దిగుచుండును. అన్ని స్తంభముల క్రిందను సమానముగా దిగినచో అంత ప్రమాదము లేదు. కాని చూరునీరు పడుచోట ఒకవిధముగను, చెట్టువేళ్లు తడిని పీల్చుచోట మరియొక విధముగను నేల కదలును. అందుచేత చావడి ఒక ప్రక్కకు ఒరుగును.

రెండవ కారణము కర్ర పుచ్చుట. పూర్తిగా పొడిగా ఉన్న కర్ర చెడదు. ఎల్లప్పుడు నీటిలో మునిగియున్న కర్రయు చాలకాలము నిలుచును. తడియు, గాలియు కలిసి తగులుచోట బూజు పట్టి కర్ర కుళ్లును. నాటిన స్తంభమునకు అట్టిచోటు నేలమట్టమే. చెదలును అచ్చటనే ప్రవేశించును. పైన నిగనిగలాడు స్తంభము క్రింద బోలుగా ఉండవచ్చును. కావున పని మొదలుపెట్టకముందు వడ్రంగి ప్రతి స్తంభమును సుత్తితో తట్టి చూచును. ఉలిమొనతో పాదమును పొడిచి చూచును. బోలుమ్రోత వచ్చినను, ఉలి సులువుగా దిగినను, అచ్చట చేవ లేదని గ్రహించును. స్తంభములలో ఎక్కువ భాగమును, దూలములును గట్టిగా ఉన్నచో చావడిని పడగొట్టనక్కరలేదు. ఆనాటి ముదురు కర్రకు సరియైన కర్రను నేడు కొనుట సులభము కాదు. దూలములే పుచ్చిపోయినచో దానిని ఎత్తుటకు పూనుకొనుట ప్రాణాపాయకరము, విప్పివేయుటయే మేలు.

ఎత్తవలెనని నిశ్చయించిన పిమ్మట మొదటి పని బరువు తగ్గించుట. పెంకులను రెండు వాలులనుండియు సమానముగా దింపవలెను. ఒక్క ప్రక్కనే దింపినచో రెండవ ప్రక్క బరువు కప్పును లాగివేయును. తరువాత స్తంభమునకును, స్తంభమునకును నడుమ ఐమూలగా బద్దలు బిగింపవలెను. నాలుగు కర్రల చట్రము సులువుగా ప్రక్కకు ఒరుగును. ఐమూలబద్ద దానిని త్రిభుజములుగా విడదీయుటచే ఒరగనీయదు.

పిమ్మట దూలముల క్రింద జాకీలు నిలుపుదురు. మెత్తని నేలపై జాకీని నేరుగా నిలిపినచో దూలము లేచుటకు మారుగా జాకీయే దిగబడును. కావున వెడల్పైన పట్టెలను ఒక వరుస అడ్డముగను, ఒక వరుస నిలువుగను పేర్చి, ఆ దిమ్మెపై జాకీని ఉంచవలెను. మర జాకీ బలము లెక్కకు అందునదే. దాని పిడి పొడవు 50 సెంటీమీటర్లనుకొందము. పిడి ఒక చుట్టు తిరిగినచో దాని కొన సుమారు 314 సెంటీమీటర్లు నడచును. ఆ చుట్టులో మర ఒక సెంటీమీటరు మాత్రమే లేచునెడల, రాపిడి లేనిచో చేతిబలము 314 రెట్లగును. రాపిడి అందులో పెద్దభాగమును హరించినను, మిగిలిన బలము దూలమునెత్తుటకు చాలును.

బలము చాలినంత మాత్రమున తొందర తగదు. అన్ని జాకీలను కొద్దికొద్దిగా, ఒక మారునకు అర సెంటీమీటరు మించకుండ, వరుసగా త్రిప్పవలెను. ఎక్కువ కుంగిన మూలను ముందుగా తక్కినవాని మట్టమునకు తేవలెను. దూలము లేచిన కొలది దాని క్రింద పట్టెలును, చీలికలును చేర్చుచుండవలెను. జాకీ జారినను దూలము ఆ పట్టెలపై ఆగును. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. బరువు పట్టెలపై ఆనకముందు ఎవ్వరును దాని క్రిందికి పోరాదు. మట్టమును నీటిగొట్టముతోను, నిలువును తూకపుగుండుతోను చూచుచుండవలెను. కర్ర ఫెళ్లుమని మ్రోగినచో పని ఆపి అతుకులను పరీక్షింపవలెను.

ఈ సూత్రమునే అమెరికాలోని చికాగో నగరము గొప్పగా ప్రయోగించినది. ఆ నగరము మిచిగన్ సరస్సు ఒడ్డున పల్లపు నేలపై ఉండుటచే మురుగు పోక రోగములు ప్రబలెను. కాలువలు వేయుటకై వీధులను ఎత్తుచేసిరి. వానితోపాటు కట్టడములను ఎత్తవలసి వచ్చెను. 1860లో లేక్ వీధిలోని 320 అడుగుల పొడవు గల భవనముల వరుసను 600 మంది మనుష్యులు 6,000 మర జాకీలతో అయిదు దినములలో 4 అడుగుల 8 అంగుళములు ఎత్తిరి. సంకేతము వినబడినప్పుడు అందరును ఒకే మారు, ఒకే కొలతగా మరలు త్రిప్పుటయే అందలి రహస్యము.

చావడి లేచినంతనే పని ముగియలేదు. అసలు పని అప్పుడే మొదలగును. పుచ్చిన పాదమును గట్టికర్ర తగులువరకు కోసివేయవలెను. దాని క్రింద గుంట త్రవ్వి, వీలైనంత లోతు రేగడిని తీసివేసి, ఉబ్బని ఎర్రగరుసు మన్నును తడిపి, పొరలు పొరలుగా దిమ్మిస చేయవలెను. ఉబ్బని మన్నును ఒక మీటరు మందమున పరచినచో క్రింది రేగడి ఉబ్బు అణగునని బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్.కె. కట్టి పరిశోధించి చూపెను. పెద్ద కట్టడములకై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వేరొక ఉపాయము రూపొందించెను. నేల కదలిక అందని లోతువరకు, సుమారు మూడున్నర మీటర్లు, రంధ్రము తొలిచి, అడుగున గడ్డవలె వెడల్పు చేసి, కాంక్రీటు పోయుదురు.

గరుసుపై కాంక్రీటు దిమ్మె కట్టి, నేలకు ఒక అడుగు ఎత్తున రాతిపీట నిలిపి, దానిపై స్తంభమును ఆనించి, ఇనుపపట్టీతో బిగింపవలెను. జగ్గయ్యపేట ప్రాంతము సున్నపురాతికి ప్రసిద్ధము. అచ్చటి ప్రాచీన బౌద్ధస్తూపపు శిలాఫలకములు శతాబ్దములపాటు మన్నులో ఉండియు శిల్పము కోల్పోలేదు. రాతికి ఓర్చుకొను తడి కర్రకు సరిపడదు. కావున మన్నుతో పొత్తు రాతికి విడిచి, కర్రను పైన ఉంచవలెను. దిమ్మె గట్టిపడిన తరువాత జాకీలను ఎక్కించిన రీతినే కొద్దికొద్దిగా దింపవలెను.

చివరగా నీటికి దారి చూపవలెను. చూరునీరు పాదములచెంత నిలువక దూరముగా పోవునట్లు వాలుగా కాలువ తీయవలెను. ఏటేట వానలకు ముందు స్తంభముల పాదములను ఒక మారు పరీక్షించుకొనవలెను. ఒరిగినది కప్పుగా కనబడినను చెడినది అడుగుభాగము. ఆ అడుగును చక్కదిద్దినవాని చావడియే నిలుచును.