పార్క్ నుంచి వచ్చాక ఆ ఐదు నిమిషాలు

పోయిన జూన్‌లో ఇక్కడ న్యూజెర్సీలో ఫ్రెండ్స్‌తో కలిసి ఒక స్టేట్ పార్క్‌కి వెళ్ళాం. సాయంత్రం ఇంటికొచ్చి, అలసిపోయి అలాగే పడుకున్నా. పొద్దున స్నానం చేస్తుంటే మోకాలి వెనక చిన్న నల్ల చుక్క కనిపించింది. మట్టేమో అని రుద్దితే పోలేదు. దగ్గరగా చూస్తే దానికి కాళ్ళున్నాయి!

అది టిక్. మన ఊళ్ళో పశువులకి పట్టే గోమారి ఉంటుంది చూడండి, ఆ జాతే. ఇక్కడి నల్ల కాళ్ళ టిక్ వల్ల లైమ్ డిసీజ్ వస్తుంది. 1970ల్లో కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊళ్ళో పిల్లలకి కీళ్ళవాపులు వస్తే ఈ జబ్బు వెలుగులోకి వచ్చింది. అందుకే ఆ పేరు.

ఇందులో మనకి కలిసొచ్చే విషయం ఒకటుంది. మామూలుగా టిక్ 24 గంటలకు పైగా ఒంటిని పట్టుకుని ఉంటేనే ఆ బ్యాక్టీరియా మనకి ఎక్కుతుంది. అంటే, ఆ రోజే తీసేస్తే దాదాపు సేఫ్. కాకపోతే ఎక్కువగా అంటించేది పిల్ల టిక్. గసగస గింజంత ఉంటుంది, కుట్టినా నొప్పి తెలీదు. కాబట్టి వెతకాల్సిందే.

టిక్ ఎగరదు, దూకదు. గడ్డి కొసన కాచుకుని ఉండి, మనం రాసుకుంటూ వెళ్తే ఎక్కేస్తుంది. అందుకే దారి మధ్యలో నడవండి. ప్యాంటు సాక్సుల్లోకి దోపండి. షూస్‌కి, బట్టలకి 0.5 శాతం పర్మెత్రిన్ కొట్టండి. అది ఒంటికి మాత్రం వద్దు. ఒంటికైతే డీట్ ఉన్న రిపెల్లెంట్ వాడండి.

ఇంటికి రాగానే పొడి బట్టల్ని ఉతక్కముందే డ్రయర్‌లో హై హీట్‌లో 10 నిమిషాలు తిప్పండి. రెండు గంటల్లోపు స్నానం చేయండి. చంకలు, చెవుల వెనక, బొడ్డు, నడుము, గజ్జలు, మోకాళ్ళ వెనక, జుట్టు అన్నీ చూసుకోండి. పిల్లలకి మీరే చూడండి.

టిక్ కనిపిస్తే కిరసనాయిలు పోయడం, అగరబత్తితో కాల్చడం చేయొద్దు. అలా చేస్తే దాని ఒంట్లోని ద్రవం మన చర్మంలోకే దిగొచ్చు. సన్న ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయండి. తర్వాత సబ్బుతో కడగండి. 30 రోజుల్లోపు ఎర్రటి మచ్చ పెరుగుతూ పోయినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి టిక్ కుట్టిందని చెప్పండి. మొదట్లోనే పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతుంది.

నాకు ఏమీ కాలేదు. కానీ నెల రోజులు రోజూ లేవగానే ఆ కాలే చూసుకున్నా. ఆ సాయంత్రం ఐదు నిమిషాలు వెతుక్కుని ఉంటే ఆ టెన్షనే ఉండేది కాదు. మీరు వెతుక్కోండి. మళ్ళీ కలుద్దాం!